మోత ఆపమంటారు

షెడ్డుకి బండి తెచ్చేవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: "టాపెట్ మోత వస్తోంది మేస్త్రీ, కాస్త టైట్ చెయ్యి." చప్పుడు వినపడితే ఇంజన్ పాడవుతోందని వాళ్ల భయం. చప్పుడు లేకపోతే ఇంజన్ బాగున్నట్టేనని వాళ్ల నమ్మకం. ఈ పనిలోకి వచ్చిన దగ్గర్నుంచీ నేను ఈ నమ్మకంతో వాదిస్తూనే ఉన్నాను. టాపెట్లు కొట్టుకునే బండిని సాయంత్రం దాకా పక్కన పెట్టినా నాకు బెంగ ఉండదు. ఉండాల్సిన ఆ కాస్త టిక్ టిక్ కూడా వినపడని ఇంజన్ వస్తే మాత్రం చేతిలో పని ఆపి ముందు దాన్నే చూస్తాను.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీ ఇంజన్లు విప్పే షెడ్డులో. లారీలే కాదు, ట్రాక్టర్లు, అంబాసిడర్ టాక్సీలు, పొలాల్లో నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు కూడా అక్కడికి వచ్చేవి. సొంతంగా షెడ్డు పెట్టుకున్నాక బైకులూ ఆటోలూ ఎక్కువయ్యాయి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ అయితే దాదాపు ప్రతి బండిలోనూ హెడ్డులో ఒక చిన్న సందు కావాలనే ఉంచుతారు. కొన్ని బళ్లలో దాన్ని కొలిచి పెట్టాలి, కొన్నింటిలో ఆయిల్ ఒత్తిడే దాన్ని చూసుకుంటుంది. మేం దాన్ని టాపెట్ గ్యాప్ అంటాం. కంపెనీ పుస్తకాల్లో వాల్వ్ క్లియరెన్స్ అని ఉంటుంది.

క్యామ్ తిరుగుతూ రాకర్‌ని ఎత్తుతుంది, రాకర్ రెండో కొస వాల్వ్ కాడ మీద నొక్కుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. క్యామ్ ముక్కు దాటిపోగానే స్ప్రింగు వాల్వ్‌ని లాగి సీటు మీద కూర్చోబెడుతుంది. అలా వాల్వ్ మూసుకుని ఉన్నప్పుడు రాకర్ స్క్రూకీ వాల్వ్ కాడ కొసకీ మధ్య మిగిలే ఖాళీయే గ్యాప్. చిన్న బైకుల్లో అది 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. జిరాక్స్ కాగితం మందం సుమారు 0.10 ఉంటుంది కాబట్టి, మాట్లాడుతున్నది ఒక కాగితం మందం గురించి, అందులో సగం గురించి.

అంత చిన్న ఖాళీ ఎందుకంటే ఇనుము వేడికి సాగుతుంది. బండి చక్రానికి పట్టా వేసే కమ్మరి పట్టాని ఎర్రగా కాల్చి, సాగాక చక్రానికి ఎక్కించి నీళ్లు పోయడం మా ఊళ్లో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఉక్కు మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు 12 మైక్రాన్లు పెరుగుతుంది. పది సెంటీమీటర్ల వాల్వ్ కాడ సగటున 300 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే దాని పొడవు 0.36 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్‌కి వాడే ఉక్కు రకం వేరు. అది మామూలు ఉక్కుకి ఒకటిన్నర రెట్లు సాగుతుంది. వాల్వ్‌తో పాటు హెడ్డు కూడా సాగుతుంది కాబట్టి ఈ పెరుగుదల మొత్తం గ్యాప్‌ని తినేయదు. రెండింటికీ మధ్య మిగిలే తేడాకి చోటు ఉంచాలి. ఉంచకపోతే సాగిన కాడ రాకర్‌కి తగిలి ఆగిపోతుంది, వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు. కూర్చున్నట్టే కనిపిస్తుంది కానీ వెంట్రుక మందం తేడా మిగిలిపోతుంది.

ఆ వెంట్రుక మందమే ఎగ్జాస్ట్ వాల్వ్ ప్రాణం తీస్తుంది. ఇన్‌లెట్ వాల్వ్‌కి ప్రతి సారీ చల్లటి గాలి, పెట్రోలు తగులుతాయి. ఎగ్జాస్ట్ వాల్వ్ మీదుగా మండిన గ్యాస్ పోతుంది. గట్టి లోడు మీద దాని తల 700 డిగ్రీల దాకా వెళ్తుంది, చీకట్లో చూడగలిగితే ఎర్రగా కనపడే వేడి అది. ఆ వేడి పోవడానికి ఉన్న పెద్ద దారి సీటు. వాల్వ్ సీటు మీద ఆనినప్పుడు వేడి సీటులోకి, అక్కణ్నుంచి హెడ్డులోకి, ఫిన్నుల్లోకో నీళ్లలోకో పోతుంది. ముప్పాతిక వంతు వేడి ఈ దారినే పోతుంది, మిగతాది కాడ మీదుగా గైడులోకి వెళ్తుంది.

ఇంజన్ నిమిషానికి 3000 తిరుగుతోందంటే క్యామ్ అందులో సగం, 1500 తిరుగుతుంది. అంటే సెకనుకి 25 సార్లు. ఒక్కో చుట్టుకి 40 మిల్లీసెకన్లు. అందులో మూడో వంతు, 13 మిల్లీసెకన్లు వాల్వ్ తెరిచి ఉంటుంది. మిగిలిన 27 మిల్లీసెకన్లలోనే అది సీటుకి ఆని ఒళ్లు చల్లబరుచుకోవాలి. గ్యాప్ లేకపోతే ఆ కాస్త సమయం కూడా దానికి దక్కదు. పైగా పూర్తిగా మూసుకోని ఆ సన్నటి చీలికలోంచి మండుతున్న గ్యాస్ ఒత్తిడితో దూసుకుపోతుంది. గ్యాస్ కట్టర్ రేకుని ఎలా కోస్తుందో వాల్వ్ అంచుని అది అలాగే కోస్తుంది. విప్పి చూస్తే అంచులో ఒక ముక్క ఎగిరిపోయి ఉంటుంది, దాని పక్కన నల్లటి గాడి. దీన్నే మేం వాల్వ్ కాలిపోయిందంటాం. కాలిన వాల్వ్‌ని మళ్లీ గ్రైండింగ్ చేసి వాడే మాటే లేదు, పారేయాల్సిందే.

వాల్వ్ కాలుతోందో లేదో హెడ్డు విప్పకుండానే తెలుసుకోవడానికి మా మేస్త్రి ఒక పరీక్ష చేసేవాడు. ఇంజన్ స్లోలో నడుస్తుంటే సైలెన్సర్ మూతి దగ్గర కాగితం ముక్క పట్టుకోవాలి. బాగున్న ఇంజన్ కాగితాన్ని ఒకే తీరుగా బయటికి నెడుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోకపోతే మధ్యమధ్యలో కాగితం లోపలికి పీల్చుకుంటుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఇన్‌లెట్ నుంచే గాలి లాగాల్సింది, మూసుకోని ఎగ్జాస్ట్ లోంచి కూడా లాగుతుందన్నమాట. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కంప్రెషన్ గేజ్ నా దగ్గర ఉన్నా ఈ కాగితం పరీక్షని నేనెప్పుడూ వదల్లేదు.

మోత గురించి భయపడేవాళ్ల మాటలో నిజం అసలు లేదని కాదు. గ్యాప్ ఎక్కువైతే అదీ తప్పే. క్యామ్ ముక్కుకి అటూ ఇటూ ఒక మెల్లటి ఏటవాలు చెక్కి ఉంటుంది. గ్యాప్ సరిగ్గా ఉంటే రాకర్ ఆ ఏటవాలు మీదే నెమ్మదిగా గ్యాప్ పూడ్చుకుని వాల్వ్‌ని ఎత్తుతుంది, దింపేటప్పుడూ అంతే నెమ్మదిగా సీటు మీద దింపుతుంది. గ్యాప్ మరీ పెద్దదైతే ఏటవాలు దాటిపోయాక, రాకర్ వేగం అందుకున్నాక వాల్వ్‌ని తాకుతుంది. అదే మనకి వినపడే దెబ్బ. మూసుకునేటప్పుడూ స్ప్రింగు వాల్వ్‌ని సీటుకేసి కొడుతుంది. అలా నెలల తరబడి నడిస్తే కాడ కొస చదునుగా సాగిపోతుంది, రాకర్ మొహం గుంట పడుతుంది, క్యామ్ మీద పొర లేస్తుంది. వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది కాబట్టి పికప్ కూడా తగ్గుతుంది. అయినా ఈ నష్టం మెల్లగా జరుగుతుంది, చెవికి చెప్పి మరీ జరుగుతుంది. గ్యాప్ తక్కువైనప్పుడు జరిగే నష్టం చెవికి చెప్పదు.

ఆ చప్పుడు టాపెట్‌దో కాదో కూడా ముందు తేల్చుకోవాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వ్ ఒక్కసారే తెరుచుకుంటుంది. 1400 దగ్గర స్లోలో ఉన్న బైకులో ఒక్కో వాల్వ్ నిమిషానికి 700 సార్లు, సెకనుకి దాదాపు పన్నెండు సార్లు కొట్టుకుంటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన హెడ్డు కవర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే ఆ టిక్ టిక్ విడిగా, సన్నగా వినపడుతుంది. టైమింగ్ చైన్ గీసుకునే చప్పుడు వేరు, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయినప్పటి గుద్దు వేరు. చెవికి అలవాటు కావడానికి కొన్నేళ్లు పడుతుంది. పనిలోకి వచ్చిన కుర్రాళ్లకి నేను మొదట స్క్రూడ్రైవర్ వినడానికి ఇస్తాను, తిప్పడానికి తర్వాత.

చల్లని ఇంజన్, వేడి ఇంజన్ సంగతి దగ్గర చాలామంది మెకానిక్‌లే తడబడతారు. వేడెక్కితే గ్యాప్ తగ్గుతుందని అందరూ అనుకుంటారు. అన్ని ఇంజన్లలో అలా కాదు. పాత డీజిల్ ఇంజన్లలో బ్లాకూ హెడ్డూ పోత ఇనుముతో చేసినవి. పెర్కిన్స్ 3.152 అనే మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఇంజన్‌కి గ్యాప్ చల్లగా ఉన్నప్పుడు 0.30, వేడిగా ఉన్నప్పుడు 0.25 పెట్టాలి. మేస్త్రిలు దాన్నే పన్నెండు థౌ, పది థౌ అనేవాళ్లు, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అందులో గ్యాప్ వేడికి తగ్గుతుంది. అల్యూమినియం హెడ్డు ఉన్న ఇంజన్లలో కథ తిరగబడుతుంది. అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెండింతలు సాగుతుంది. క్యామూ రాకర్లూ మోసే హెడ్డు వాల్వ్ కాడ కన్నా ఎక్కువ పెరిగిపోతే గ్యాప్ వేడికి పెరుగుతుంది. మారుతీ 800 ఇంజన్‌కి ఇచ్చిన వేడి కొలత చల్లని కొలత కన్నా ఎక్కువ ఉండేది అందుకే.

ఇది తెలియక ఆటోవాళ్లు ఎంత డబ్బు పోగొట్టుకుంటారో చెప్పలేను. ఒక కుర్రాడు ఆటో తోసుకుంటూ వచ్చాడు. "బాబాయ్, పొద్దున్నే ఎంత తిప్పినా అందుకోవడం లేదు. స్టాండులో నలుగురు తోస్తే గానీ స్టార్ట్ అవదు. ఒకసారి వేడెక్కితే మాత్రం రోజంతా ఏమీ అనదు" అన్నాడు. అప్పటికే ప్లగ్గు మార్చారు, కాయిల్ మార్చారు, కొత్త బ్యాటరీ కూడా వేయించాడు. "రాత్రికి బండి ఇక్కడే ఉంచు, పొద్దున్నే చూస్తాను" అన్నాను. తెల్లారాక కవర్ తీసి, సన్నటి రేకుల కట్టలా ఉండే ఫీలర్ గేజ్ పెడితే ఎగ్జాస్ట్ వైపు అన్నిటికన్నా సన్నటి రేకు కూడా దూరలేదు. చల్లని ఇంజన్‌లో వాల్వ్ ఎత్తే ఉంది, కంప్రెషన్ నిలవడం లేదు. నడిచి వేడెక్కాక హెడ్డు సాగి ఆ కాస్త సందు ఏర్పడి వాల్వ్ మూసుకుంటోంది. స్క్రూ వదులు చేసి, కొలత పెట్టి, స్విచ్ నొక్కితే మొదటి తిప్పుకే అందుకుంది. ముందే గేజ్ పెట్టి ఉంటే అతనికి బ్యాటరీ డబ్బు మిగిలేది. పొద్దున్నే స్టార్ట్ కాని చిన్న బండికి ప్లగ్గు తర్వాత రెండోది టాపెట్ చూడాలి, బ్యాటరీ కాదు. ఈ మాట ఆటో స్టాండుల్లో బోర్డు రాసి పెట్టాలనిపిస్తుంది నాకు.

రాత్రంతా చల్లారిన ఇంజన్ మీదే నేను టాపెట్ పని చేస్తాను. కస్టమర్ తొందరపడితే రేపు రమ్మంటాను. గంట సేపు ఆపిన ఇంజన్ చేతికి చల్లగా తగలచ్చు, లోపల వాల్వ్ కాడ ఇంకా చల్లారి ఉండదు.

పని చెప్పుకుంటే చిన్నదే. బైకులో అయితే మాగ్నెట్ కవర్ మీది రెండు మూతలు తీసి క్రాంకు తిప్పుతూ T గుర్తుని గాడికి ఎదురుగా తేవాలి. పిస్టన్ పై కొసకి వచ్చిందని దాని అర్థం. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. వాల్వ్ ఒకసారి తెరుచుకుని మళ్లీ తెరుచుకునేలోపు T గుర్తు రెండుసార్లు వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. ఎగ్జాస్ట్ చివర రెండు వాల్వులూ కొద్దికొద్దిగా తెరిచే ఉంటాయి. అప్పుడు గ్యాప్ పెడితే చేసిన పని అంతా తప్పే. రెండు రాకర్లనీ వేలితో పట్టుకుని కదపాలి, రెండూ కొద్దిగా ఆడితేనే కంప్రెషన్ మీద ఉన్నట్టు. లాక్ నట్ వదులు చేసి, సరైన రేకు దూర్చి, స్క్రూ తిప్పి, రేకు లాగుతుంటే కొంచెం పట్టుకున్నట్టు ఉండాలి. తర్వాత స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించాలి. అంతటితో అయిపోయిందనుకోకూడదు. లాక్ నట్ బిగిసేటప్పుడు స్క్రూ మరలో ఉన్న ఆట తీరిపోయి గ్యాప్ మారుతుంది. మళ్లీ రేకు పెట్టి చూడాలి. 0.05 పెట్టే చోట 0.02 మారినా తేడా చిన్నది కాదు. బిగించాక రెండోసారి కొలవని కుర్రాణ్ని నేను ఆ బండి దగ్గర్నుంచి కదలనివ్వను.

ఫీలర్ గేజ్ కూడా అబద్ధం చెప్పే సందర్భం ఒకటుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం అదే. బాగా తిరిగిన బండిలో స్క్రూ కొసో రాకర్ మొహమో గుంట పడుతుంది, వాల్వ్ కాడ కొస ఆ గుంటలో కూర్చుని పనిచేస్తుంటుంది. మనం పెట్టే రేకు చదునైనది, అది గుంటలోకి దిగదు, గుంట అంచుల మీద వంతెనలా నిలబడుతుంది. గేజ్ 0.10 అంటుంది, నిజమైన గ్యాప్ దానికి రెట్టింపు ఉంటుంది. స్టార్ట్ చేస్తే మోత ఆగదు. అప్పుడు కస్టమర్ పక్కన నిలబడి "ఇంకా వస్తోంది, ఇంకొంచెం టైట్ చెయ్యి" అంటాడు. మెకానిక్ గేజ్ పక్కన పెట్టి చెవితో బిగిస్తాడు, మోత ఆగేదాకా బిగిస్తాడు. కస్టమర్ సంతోషంగా వెళ్తాడు. ఎండాకాలంలో, మధ్యాహ్నం పూట, ముగ్గురిని ఎక్కించుకుని ఏలూరు రోడ్డు మీద వెళ్తుండగా ఆ సంతోషం కాలిపోతుంది. ఇలా కాలిన వాల్వులు నా షెడ్డుకి ఎన్నో వచ్చాయి. పాపం, అవన్నీ సర్వీసు చేయించుకున్న బళ్లే.

గుంట పడిందేమో చూడటానికి స్క్రూ పూర్తిగా విప్పి వెలుతురులో పట్టుకుని దాని మొహం చూడాలి. గుంట ఉంటే స్క్రూ మార్చాలి, దాని ఖర్చు ఎంతో కాదు. రాకర్ దగ్గర అరుగుదల ఉండి వెంటనే మార్చే వీలు లేకపోతే మరని లెక్క పెట్టి కొలుస్తాను. స్క్రూ మర అర మిల్లీమీటర్‌ది అనుకుందాం. ఒక పూర్తి చుట్టుకి స్క్రూ అర మిల్లీమీటర్ కదులుతుంది, చుట్టులో పదో వంతుకి 0.05. గ్యాప్ సున్నా అయ్యేదాకా వేలితో మెత్తగా తిప్పి, అక్కణ్నుంచి పదో వంతు వెనక్కి తిప్పితే గుంట ఎంత లోతున్నా గ్యాప్ నిజంగా 0.05 ఉంటుంది. స్క్రూ కొస వాల్వ్ కాడ మీదే నేరుగా కూర్చునే ఇంజన్లలో ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది.

అంబాసిడర్ టాక్సీల మీద నేర్చుకున్న లెక్క ఒకటి ఇప్పటికీ నాకు ఇష్టం. 1489 సీసీ బీఎంసీ ఇంజన్, నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. గ్యాప్ పదిహేను థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఒక్కో సిలిండర్‌ని పై కొసకి తెచ్చుకోనక్కర్లేదు. ఏ వాల్వ్ పూర్తిగా కిందికి దిగి ఉందో చూసి, దాని నంబరుని తొమ్మిదిలోంచి తీసేస్తే వచ్చే నంబరు వాల్వ్ సెట్ చెయ్యాలి. ఎనిమిదోది దిగి ఉంటే ఒకటోది, మూడోది దిగి ఉంటే ఆరోది. టాటా 697 లాంటి ఆరు సిలిండర్ల లారీ ఇంజన్‌కి తొమ్మిది బదులు ఏడు, వాల్వ్ నంబర్ల బదులు సిలిండర్ నంబర్లు. అక్కడ ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఆరో సిలిండర్ రాకర్లు రెండూ కలిసి ఊగుతుంటే, అంటే ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటుంటే, ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉన్నట్టు. అయిదుకి రెండు, మూడుకి నాలుగు. మా మేస్త్రి బడికి పెద్దగా వెళ్లినవాడు కాదు. ఆయన ఈ లెక్కలు చెప్తుంటే క్యామ్ షాఫ్టు తిరగడం నా కళ్ల ముందు కనపడేది.

పాత బుల్లెట్‌ది వేరే దారి. దాని అడ్జస్టర్లు హెడ్డు మీద ఉండవు, సిలిండర్ పక్కన చిన్న మూత వెనక, పుష్ రాడ్ల అడుగున ఉంటాయి. దానికి గేజ్ పనే లేదు. చల్లని ఇంజన్‌లో, కంప్రెషన్ మీద, పుష్ రాడ్ వేళ్ల మధ్య తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. అంటే గ్యాప్ సున్నా. ఆ పుష్ రాడ్లు అల్యూమినియంవి కాబట్టి ఇంజన్‌తో పాటు అవీ సాగుతాయి, అందుకే ఆ ఇంజన్‌కి ఆ పద్ధతి చెల్లింది. బుల్లెట్ మీద నేర్చుకున్న కొందరు అదే పద్ధతి మిగతా బైకుల మీద చేస్తారు. రాకర్ కదలకుండా సరిగ్గా ఆనేట్టు పెట్టి బాగా కుదిరిందంటారు. ఒక ఇంజన్‌కి మంచిదైన పద్ధతి పక్క ఇంజన్‌కి కీడు చెయ్యగలదు, పుస్తకం చూడకుండా ఏ బండి మీదా చెయ్యి వెయ్యకూడదు.

2008 తర్వాత వచ్చిన యూసీఈ బుల్లెట్లలో హైడ్రాలిక్ టాపెట్లు పెట్టారు. స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చిన 1.3 లీటర్ల ఇంజన్‌లోనూ అవే. లోపలికి వచ్చే ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ దానంతటదే పూడుకుంటుంది, మనం తిప్పాల్సిన స్క్రూ ఉండదు. వాటికి కావాల్సింది మంచి ఆయిల్, వేళకి మార్చిన ఆయిల్. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు టకటకలాడి ఆగిపోతే భయం లేదు, రాత్రి దిగిపోయిన ఆయిల్ మళ్లీ ఎక్కుతోందని అర్థం.

ఇక గ్యాస్ ఆటోల సంగతి. ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం మండాక సీటు మీద సన్నటి పొరగా పేరుకుని, వాల్వ్ వచ్చి కొట్టినప్పుడు ఇనుముకి ఇనుము నేరుగా తగలకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పిల్లల మెదళ్లకి అది జరగాల్సిన మంచే. పాత ఇంజన్ల మెత్తటి ఇనుప సీట్లకి మాత్రం ఆ కాపు పోయింది. సీఎన్‌జీలో ఆ కాపు మొదట్నుంచీ లేదు. పైగా అది పొడి గ్యాస్. పెట్రోలు చుక్కలు ఆవిరవుతూ ఇన్‌లెట్ దారిని కాస్త చల్లబరుస్తాయి, గ్యాస్‌లో అదీ ఉండదు. వాల్వ్ సీటు మీద కొట్టిన ప్రతిసారీ కంటికి కనపడనంత లోహం లేచిపోతుంది. నెలలు గడిచేకొద్దీ వాల్వ్ సీటులోకి దిగబడుతుంది. వాల్వ్ హెడ్డులోకి దిగితే దాని కాడ రాకర్ వైపు పైకి లేస్తుంది, గ్యాప్ తగ్గిపోతుంది.

మామూలు బండిలో అరుగుదల వల్ల గ్యాప్ పెరిగి మోత మొదలవుతుంది, మనిషి విని షెడ్డుకి వస్తాడు. గ్యాస్ ఆటోలో అరుగుదల వల్ల గ్యాప్ తగ్గి ఉన్న మోత కూడా ఆగిపోతుంది. డ్రైవరుకి బండి సాఫీగా ఉందనిపిస్తుంది, ఆ సాఫీలోనే వాల్వ్ కాలుతుంటుంది. రోజు అద్దె కట్టుకునే మనిషికి హెడ్డు దింపే పనంటే వారం తిండి. ఈ సంగతి వాళ్లకి చెప్పకుండా పని చేసి పంపడం నాకు చేతకాదు.

వాల్వ్ మార్చాల్సి వస్తే దుకాణంలో కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్తాను. ఎగ్జాస్ట్ వాల్వ్ తలకి వాడే మంచి ఉక్కుని 21-4ఎన్ అంటారు, 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉంటాయి. అది అయస్కాంతానికి అంటుకోదు. కాడ వేరే ఉక్కుతో అతికి ఉంటే అక్కడ అంటుకోవచ్చు, తల దగ్గర అంటుకోకూడదు. ఈ రకం వాల్వ్ అని అమ్ముతున్నది తల దగ్గర అయస్కాంతానికి టక్కున పట్టుకుంటే అది ఇన్‌లెట్ సరుకుతో చేసిన నకిలీ. పెట్టె మీద ఏ పేరున్నా తిరిగి ఇచ్చేస్తాను. కొన్నిటికి సీటు మీద ఆనే అంచుకి స్టెల్లైట్ అనే కోబాల్ట్ లోహం పూత వేస్తారు, గ్యాస్ బండికి అవి దొరికితే మంచిది. కొత్త వాల్వ్ వేశాక సీటుకి రుద్ది, పోర్టులో కిరోసిన్ పోసి, కింద చుక్క కారడం లేదని చూసుకున్నాకే హెడ్డు ఎక్కిస్తాను.

గ్యాస్ ఆటోలకి నా షెడ్డులో ఒక నోటు పుస్తకం ఉంది. అందులో ఒక్కో బండికి ఒక పేజీ. స్క్రూ ముట్టుకోకముందు గ్యాప్ ఎంత ఉందో ముందు రాస్తాను, పెట్టిన గ్యాప్ తర్వాత రాస్తాను. చాలామంది పెట్టింది మాత్రమే గుర్తుంచుకుంటారు. నాకు ఉన్నది ఎంతన్నదే ముఖ్యం. పోయినసారి 0.10 పెట్టి పంపిన ఎగ్జాస్ట్ ఈసారి 0.08కి వచ్చిందంటే సీటు మెల్లగా దిగుతోంది, ఫర్వాలేదు. అదే కిలోమీటర్లకి 0.04కి వచ్చిందంటే సీటు మెత్తబడింది, స్క్రూ తిప్పి పంపితే ఇంకోసారి వచ్చేలోపు కాలుతుంది. అప్పుడు డ్రైవరుని కూర్చోబెట్టి, పేజీ చూపించి, సీటు రింగు మార్చడానికి డబ్బు కూడబెట్టుకోమని నెల ముందే చెప్తాను. రోడ్డు మీద ఆగిపోయి, సవారీ దింపేసి, బండి లాగించుకుని వస్తే అయ్యే ఖర్చులో అది సగం కూడా కాదు.

మొదట్లో ఈ పుస్తకం చూసి వాళ్లు విసుక్కునేవాళ్లు, మోత రావట్లేదు కదా ఎందుకు విప్పుతున్నావనేవాళ్లు. ఇప్పుడు నేను గేజ్ రేకు తుడుస్తుండగానే పక్కన గొంతుక్కూర్చుని, "ఎంత తగ్గింది బాబాయ్?" అని వాళ్లే అడుగుతున్నారు.